ప్రవాస పండితుడు కేర్దూ పాదిరి
(సాంస్కృతిక సంఘ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఖర్కాయి నదీతీరమున నున్న ఈ ఆదిత్యపురములో నివసించు తెలుగు కుటుంబములకు ప్రవాసమను మాట క్రొత్తది కాదు. 1907వ సంవత్సరమున టాటా ఇనుము ఉక్కు సంస్థ స్థాపింపబడిన పిమ్మట, నదికి ఆవలి యొడ్డున ఊరు పెరుగుచు వచ్చిన కొలదిని, శ్రీకాకుళ విజయనగర విశాఖపట్టణ ప్రాంతములనుండి తెలుగువారు ఈ సీమకు వచ్చి స్థిరపడుచు వచ్చిరి. అయితే ఈ ప్రవాసమున కొక ఊరట గలదు. సెలవు మంజూరైనచో టాటానగరులో రైలెక్కి స్వగ్రామము చేరవచ్చును. పోయినచోట పేరు పెట్టి పిలుచువా రుందురు. తిరుగుదారి యున్నంతవరకు ప్రవాసము ఎడబాటే గాని శిక్ష కాదు.

తిరుగుదారి మూసికొనిపోయిన ప్రవాసము వేరొకటి గలదు. అట్టి ప్రవాసమును అనుభవించి, తెలుగుదేశమున తెలుగు నేర్చి, ప్రపంచ భాషాశాస్త్రమునకు మూలమైన యొక ప్రశ్న నడిగి, తుదకు తన గ్రంథముమీద తన పేరైనను నిలుపుకొనజాలక గతించిన యొక కథోలిక మతగురువు వృత్తాంతము నేటి ప్రసంగ విషయము. ఆయన పేరు గాస్తోన్ లోరాన్ కేర్దూ.

కథోలిక గురువులలో అధికారము నెదిరించి వెలివేయబడిన పండితులు యూరపు చరిత్రలో పలువురు గలరు. కేర్దూ ఆ కోవకు చెందిన తిరుగుబాటుదారు కాడు. ఆయన ఎవరిని ధిక్కరింపలేదు. ఆయన యే సంఘమునకు జీవితము నర్పించెనో ఆ సంఘమునే మొదట రాజును, పిదప పోపును రద్దు చేసిరి. కొలువు మానినవాడు కాడు. కొలువే లేకుండ పోయినవాడు. ప్రభుత్వోద్యోగులకు ఈ భేదము వివరింప నక్కరలేదు. శాఖ రద్దయినచో ఉద్యోగిని వేరొక శాఖలో సర్దుటకు నిబంధన లుండును. ఎనుబది దాటిన వయస్సున, స్వదేశమునకు వేల క్రోసుల దూరమున నున్న యొక సన్న్యాసిని సర్దుటకు ఏ నిబంధనయు లేకుండెను.

కేర్దూ 1691వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన ఫ్రాన్సు దేశమందలి బూర్జ్ నగరమున జన్మించెను. 1715లో యేసుసంఘమున, అనగా జెసూట్ సంఘమున, ప్రవేశించెను. 1732లో దక్షిణ భారతమునకు వచ్చెను. అప్పటికి ఆయనకు నలుబదియేండ్లు. ఆ యీడున క్రొత్త భాష నేర్చుట ఎంతటి ప్రయాసయో, హిందీ పరీక్షలకు కూర్చున్న పెద్దలకు తెలియును. కేర్దూ తెలుగును త్వరలోనే వశపరచుకొనెను. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత భాషలకొక నిఘంటువును కూర్చెను.

ఆయన పనిచేసిన సంస్థకు కర్ణాటక మిషన్ అని పేరు. పేరున కర్ణాటకమే గాని అందులోని పెక్కు కేంద్రములు తెలుగు పలుకు సీమలో నుండెను. పుంగనూరు, కృష్ణాపురము మున్నగునవి అట్టివి. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి జెసూట్లు పుదుచ్చేరినుండి బయలుదేరి ఈ సీమలో కాలు మోపిరి. వారు కాషాయమువంటి వస్త్రము ధరించి, మాంసము మాని, దేశీయ సన్న్యాసులవలె జీవించిరి. ఇంటిలోనికి రానిచ్చుటకు ముందు మనుష్యుని నడవడిని పరీక్షించు దేశమిది యని వారు గ్రహించిరి.

ఈ జీవన విధానమే వారిని చిక్కులలో పడవేసెను. దేశాచారములను కొన్నింటిని క్రైస్తవులైనవారు కూడ పాటింపవచ్చునా, పాటింపరాదా యను వివాదమునకు మలబారు ఆచారముల వివాదమని పేరు. పోపు ప్రతినిధిగా పుదుచ్చేరికి వచ్చిన తూర్నోన్ 1704లో ఆ యాచారములలో పెక్కింటిని నిషేధించెను. వివాదము నలుబదియేండ్లు నడచెను. 1744లో పద్నాల్గవ బెనెడిక్ట్ పోపు తుది తీర్పు వెలువరించి, మిషనరీలందరును దానికి బద్ధులమని ప్రమాణము చేయవలెనని శాసించెను. సరిగా ఆ 1744లోనే కేర్దూ కర్ణాటక మిషన్‌కు అధిపతి యయ్యెను. 1751వరకు ఆ పదవిలో నుండెను. పైనుండి వచ్చిన ఉత్తరువొక వైపు, క్రింద నున్న జనుల యలవాట్లొక వైపు, నడుమ నున్న అధికారి యవస్థ కాలదేశములతో మారునది కాదు.

అధిపతి కాకపూర్వమే, 1742లో, కేర్దూ ఫ్రాన్సునకొక లేఖ వ్రాసెను. అందులో మతవిషయము స్వల్పము. అద్దకపు బట్టలు తయారగు విధానము అందలి విషయము. తెలుగువారు కలంకారీ యనియు, యూరపువారు షింట్జ్ అనియు పిలుచు ఆ బట్టలకు నాడు యూరపులో అపారమైన గిరాకీ యుండెను. ఉదికినను వన్నె తరుగని ఆ రంగుల రహస్య మచ్చటివారికి తెలియదు. స్వదేశపు నేతగాండ్రను కాపాడుటకై ఫ్రాన్సు ప్రభుత్వము 1686 మొదలు 1759వరకు ఈ బట్టలను నిషేధించియుండెను. నిషేధమున్నను వాడుక ఆగలేదు.

కేర్దూ తన శిష్యులలో ఆ వృత్తి తెలిసినవారిని అడిగి, ప్రతిక్రియను క్రమముగా వ్రాసెను. బట్టను కరక్కాయ పిండియు గేదెపాలును కలిపిన నీట తడుపుట, ఎండబెట్టి కొయ్యమీద కొట్టి నునుపు చేయుట, చిల్లులు పొడిచిన కాగితముమీద బొగ్గుపొడి రాల్చి బొమ్మ దించుట, ఇనుము నానవేసిన ద్రవముతో నల్లగీతలు దిద్దుట, నీలిమందు అంటరానిచోట మైనము పూయుట, పటిక పెట్టిన చోట చిరివేరు కాచి ఎరుపు తేల్చుట, మేకపెంటికల నీటిలో నుంచి చలువచేయుట, ఇవి యన్నియు అందులో గలవు. 1747లో మరియొక లేఖ వ్రాసి మొదటి దానిని పూరించెను. రంగుల యద్దకమునుగూర్చి ఒక పండితుడు ఇంత సూక్ష్మముగా వ్రాసిన లేఖలు ఆ కాలమున అరుదు. నేటికిని అద్దకపు చరిత్ర వ్రాయువారు వానిని విడువరు.

ఈ మిషన్‌కు చెందిన వారి పాండిత్యము సామాన్యమైనది కాదు. కేర్దూకు సహచరుడగు కాల్మెత్ పాదిరి వేదముల ప్రతులను సంపాదించి పారిసునందలి రాజగ్రంథాలయమునకు పంపెను. అవి తెలుగులిపిలో వ్రాయబడిన ప్రతులు. యూరపు పండితులు వేదమును కన్నులార చూచిన తొలిదినములలో ఆ యక్షరములు తెలుగక్షరములు! పోన్స్ అను మరియొక పాదిరి సంస్కృత వ్యాకరణ స్వరూపమును వివరించుచు 1740లో ఫ్రాన్సునకు లేఖ వ్రాసెను. అంతకు పూర్వమే, 1728లో, మదరాసున బెంజమిన్ షుల్జ్ అను ప్రొటెస్టెంటు గురువు తెలుగునకు వ్యాకరణము రచించియుండెను. బ్రౌనుదొర పుట్టుటకు డెబ్బది యేండ్లకు ముందే తెలుగు నేలపై ఈ విద్యావ్యవసాయము సాగుచుండెను.

అంతలో దెబ్బపై దెబ్బ తగిలెను. పోర్చుగల్ రాజ్యము జెసూట్లను బహిష్కరించి, 1759లో గోవాలోని వారిని బంధించెను. ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని జరిగిన యుద్ధమున 1761 జనవరిలో పుదుచ్చేరి పట్టుబడెను. గెలిచినవారు పట్టణమును నేలమట్టము చేసిరి. 1762లో పారిసు పార్లమెంటు యేసుసంఘమును నిషేధించెను. 1764 నవంబరులో పదునైదవ లూయీ రాజశాసనముతో సంఘము ఫ్రాన్సుదేశమంతట రద్దయ్యెను. జెసూట్ అను పేరుతో స్వదేశమున బ్రతుకుటకు కేర్దూకు వీలు లేకపోయెను. ఆయన వయస్సు అప్పటికి డెబ్బదిరెండు.

ఆ చీకటి దినములలోనే విద్యాప్రపంచమునుండి ఆయన కొక పిలుపు వచ్చెను. పారిసునందలి శాసన సాహిత్య అకాడమీలో అబ్బే బార్తెలెమీ ప్రసిద్ధ సభ్యుడు. పురాతన నాణెముల విషయమున నిపుణుడు. ఆయన 1763లో కేర్దూకు వ్రాసి, సంస్కృతమునకు వ్యాకరణమును నిఘంటువును కావలెనని కోరెను. పుదుచ్చేరి శిథిలములై యున్న కాలమది. కేర్దూ 1767లో పంపిన ప్రత్యుత్తరము, అడిగిన దానికి మించిన ప్రశ్న నొకదానిని అకాడమీ ముందుంచెను. సంస్కృతమునందలి మాటలలో ఇన్ని మాటలు లాటినుతోను గ్రీకుతోను, విశేషించి లాటినుతోను, కలియుచున్నవే, దీనికి కారణమేమి? ఇదియే ఆ ప్రశ్న.

పోలిక కనుపట్టుట ఆయనతోనే మొదలు కాలేదు. పదునారవ శతాబ్దిలో గోవాలో నుండిన సస్సెత్తి యను ఇటలీ వర్తకుడు కొన్ని మాటల పోలికను గుర్తించియుండెను. కేర్దూ ఘనత పోలికను చూచుటలో లేదు, విచారించిన విధానములో గలదు. సంస్కృత దానము లాటినున దోనుము. విధవా యనునది విదువా. ఇట్టి జంటలను ఆయన పట్టికగా కూర్చెను. మాటలతో ఆగక వ్యాకరణములోనికి పోయెను. సంఖ్యావాచకములను, సర్వనామములను, అభావార్థమున మాటకు ముందు చేరు అకారమును, సంస్కృతమునను గ్రీకునను గల ద్వివచనమును పరిశీలించెను. ఉండుట యను క్రియకు అస్మి, అసి, అస్తి యను రూపములను లాటిను గ్రీకు రూపముల ప్రక్కన నిలిపి చూపెను.

పిదప కారణములను ఒక్కొక్కటిగా తూచెను. వర్తకమువలన మాటలు వలస వచ్చెనా? జయించినవారు తెచ్చిరా? పొరుగువారై యుండి ఇచ్చిపుచ్చుకొనిరా? మతముతోనో శాస్త్రముతోనో వచ్చెనా? వస్తువుల పేర్లు వర్తకముతో రావచ్చును. శాస్త్రపు మాటలు శాస్త్రముతో రావచ్చును. కాని ఒకటి, రెండు అను సంఖ్యలును, నేను, నీవు అను మాటలును, ఉన్నాను, ఉన్నావు అను క్రియారూపములును ఎవరును సంతలో కొని తెచ్చుకొనరు. కావున ఈ భాషలకు మూలమొకటియే యై యుండవలెనని ఆయన నిర్ణయించెను. ఆ మూలమును బైబిలునందలి బాబెలు గోపురపు కథతో ముడిపెట్టుట ఆయన కాలమునకును వృత్తికిని సహజమైన పరిమితి. ఆ ముడిని విప్పివేసినను వాదము నిలుచును. పదునెనిమిదవ శతాబ్దిలో ఈ నిలుకడగల వాదములు మిక్కిలి తక్కువ.

తెలుగు తెలిసినవారికి ఈ వాదములోని బలము సులభముగా బోధపడును. తెలుగున సంస్కృత పదములు కోకొల్లలు. పుణ్యము, పాపము, సూర్యుడు, చంద్రుడు, విద్య, ధనము, అన్నియు అచ్చటివే. పదములను మాత్రము లెక్కించినచో తెలుగు సంస్కృతమునకు బిడ్డయే యనిపించును. కాని ఒకటి, రెండు, మూడు అని లెక్కించినప్పుడు సంస్కృతము దూరమగును. నేను, నీవు, వాడు అన్నప్పుడు దూరమగును. వచ్చితిని, వచ్చితివి అన్నప్పుడు మరింత దూరమగును. ఇచ్చట పదములు అరువు వచ్చినవి; ఎముకలగూడు స్వంతము. సంస్కృతమునకును లాటినునకును నడుమ గూడే కలియుచున్నది. 1816లో కాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ దొర వ్రాసిన పీఠిక, ఇట్టి పరీక్షతోనే తెలుగు, తమిళ, కన్నడములు సంస్కృత జన్యములు కావనియు, తమలో తాము సోదర భాషలనియు నిరూపించెను. కేర్దూ సంస్కృతమునకు చేసిన పరీక్షకు నలుబది తొమ్మిదేండ్ల పిదప ద్రావిడ భాషలకు అట్టి పరీక్ష జరిగెను.

ఇంతటి లేఖ పారిసునకు చేరిన పిమ్మట ఏమయ్యెను? 1768 ప్రాంతమున అకాడమీ ముందునకు వచ్చెను. పిదప ఆ కాగితములు పారశీక, భారతీయ విద్యలలో ప్రసిద్ధుడగు అంకెతిల్ ద్యూపెరాన్ చేతికి చేరెను. ఆయనకు వ్యాకరణ విచారముకంటె చరిత్రపై ఆసక్తి మెండు. లేఖ దస్త్రమున నుండిపోయెను. 1786 ఫిబ్రవరి 2వ తేదీన కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ సభ జరిగెను. సర్ విలియం జోన్సు తన యుపన్యాసమున సంస్కృత, గ్రీకు, లాటిను భాషలకు ఉమ్మడి మూలము గలదని ప్రకటించి జగద్విఖ్యాతుడయ్యెను. జోన్సు స్వయముగా మహాపండితుడు. ఆయన కీర్తి దొంగసొమ్ము కాదు. కాని ఆ మాటనే పందొమ్మిదేండ్లకు ముందు దక్షిణదేశమునుండి ఒక వృద్ధుడు సహేతుకముగా వ్రాసియుండెను. కేర్దూ లేఖ 1808లో అకాడమీ సంపుటమున, అంకెతిల్ వ్యాసమునకు అనుబంధముగా, అచ్చు పడెను. అప్పటికి కేర్దూ, జోన్సు, బార్తెలెమీ, అంకెతిల్, నలుగురును గతించియుండిరి. సచివాలయములలో దస్త్రములు నిలిచిపోవుట అందరెరిగినదే. నలుబదియేండ్లు నిలిచిన ఈ దస్త్రముతో పోల్చదగినది అరుదు.

కేర్దూ జీవితమున చివరి దెబ్బ 1773లో తగిలెను. ఆ సంవత్సరము జూలై 21వ తేదీన పదునాల్గవ క్లెమెంట్ పోపు ఆజ్ఞాపత్రముతో యేసుసంఘము ప్రపంచమంతట రద్దయ్యెను. ఇంతకుముందు రాజు కాదన్నను పోపు ఔనన్నాడను ధైర్య ముండెను. ఇప్పుడు అదియు పోయెను. ఎనుబదియొకటవ యేట కేర్దూ ఏ సంఘమునకును చెందనివాడయ్యెను. 1776లో ఆ మిషన్ పారిసు విదేశీ మిషన్ల సంఘమున కప్పగింపబడెను. మాజీ జెసూట్లు క్రొత్త యధికారుల క్రింద పనిచేయుచు అచ్చటనే యుండిపోయిరి.

ఇట్టి స్థితిలో మనుష్యుడు ఏమి చేయును? నిందించుచు కూర్చుండుట యొక మార్గము. కేర్దూ గ్రంథరచన చేసెను. నలుబదియైదేండ్లు తాను చూచినది, విన్నది, చదివినది క్రోడీకరించి భారతీయుల ఆచార వ్యవహారములను గూర్చి ఒక పెద్ద గ్రంథము సిద్ధపరచెను. వర్ణములు, ఆశ్రమములు, సంస్కారములు, పండుగలు, విద్యలు, నీతికథలు, దైవతములు, అన్నియు అందు చోటు చేసికొనెను. 1778 అక్టోబరులో పుదుచ్చేరి మరల ఇంగ్లీషువారి వశమయ్యెను. 1779 జూన్ 15వ తేదీన ఎనుబది యేడేండ్ల వయస్సున కేర్దూ పుదుచ్చేరిలోనే కన్నుమూసెను. ఈ దేశమునకు వచ్చి నలుబదియేడేండ్లు నిండుచుండెను. ఫ్రాన్సులో గడిపినది నలుబదియేండ్లే.

మరణముతో కథ ముగియలేదు. దెవో అను ఫ్రెంచి సైనికాధికారి ఆ గ్రంథమును తన రీతిని సవరించి వ్రాసికొని 1777లో యూరపునకు తీసికొనిపోయెను. మూలప్రతి కనుమరుగయ్యెను. 1792లో అబ్బే డూబ్వా అను మరియొక ఫ్రెంచి గురువు భారతదేశమునకు వచ్చి మైసూరు ప్రాంతమున పనిచేసెను. ఆయన ఇట్టి గ్రంథము నొకదానిని తన రచనగా సమర్పింపగా, మదరాసు గవర్నరుగా నుండిన బెంటింకు దొర సిఫారసుతో ఈస్టిండియా కంపెనీ రెండువేల వరహాలిచ్చి కొనెను. 1816లో లండనున ఆంగ్లానువాదము వెలువడెను. 1825లో ఫ్రెంచి ప్రతియు, 1897లో బోషాం దొర సంస్కరించిన ఆంగ్ల ప్రతియు వచ్చెను. హిందువుల యాచార వ్యవహారములను గూర్చి ఇంగ్లీషు అధికారులు తరతరములు చదివిన పుస్తకమది. అట్టమీద పేరు డూబ్వాది.

నిజము బయటపడుటకు 1987 రావలసివచ్చెను. సిల్వియా మ్యూర్ అను ఫ్రెంచి విదుషి లండనునందలి ఇండియా ఆఫీసు గ్రంథాలయమున దెవో ప్రతిని గుర్తించి, డూబ్వా గ్రంథముతో పోల్చి, రెండింటికిని మూలము కేర్దూ రచనయేనని సవిస్తరముగా నిరూపించెను. డూబ్వా తన యనుభవమును చేర్చెననుట నిజమే. కట్టడము మాత్రము వేరొకరిది. చనిపోయిన రెండువందల యెనిమిదేండ్లకు కేర్దూకు తన పుస్తకము దక్కెను.

ఈ వృత్తాంతమును విని కేర్దూను దేవునిగా చేయ నక్కరలేదు. ఆయన మతప్రచారకుడు. హిందూమతమును గూర్చి వ్రాసినప్పుడు ఆయన తీర్పరి కాడు, ప్రతివాది. వోల్టేరు మొదలగు తత్త్వవేత్తలు బ్రాహ్మణుల ప్రాచీన జ్ఞానమును పొగడి క్రైస్తవ మతగురువులను చిన్నబుచ్చుచుండిన కాలమున, వారికి బదులుగా ఆ గ్రంథము వ్రాయబడెను. కావున అందలి తీర్పులను యథాతథముగా గ్రహింపరాదు. చూచిన సంగతిని చూచినట్లు వ్రాసిన చోట విలువైన సాక్ష్యము. అభిప్రాయము చెప్పినచోట అది ఆయన అభిప్రాయము మాత్రమే.

మరియొక లెక్క కూడ సరిచూడవలసి యున్నది. కేర్దూ పేరును ఇతరులు చెరిపివేసిరి, అది అన్యాయము. కాని అద్దకపు రహస్యమును ఆయనకు చెప్పిన వృత్తిపనివారు ఆయన లేఖలో శిష్యులు, చిత్రకారులు అను జాతివాచకములుగానే మిగిలిరి. కరక్కాయ ఎంత, పాలెంత, ఎన్ని మారులు ఎండబెట్టవలెను అను వివరములన్నియు వారి చేతులనుండి వచ్చినవే. ఆ విద్య యూరపునకు పోయి అచ్చటి కర్మశాలలకు ఉపకరించెను. ఇచ్చట తీరమునందలి అద్దకము యంత్రపు బట్ట ముందు క్రమముగా క్షీణించెను. దానికి కారణములు పలువిధములు. ఒక లేఖపై దోషము మోపుట న్యాయము కాదు. అయినను పేరు పోగొట్టుకొన్న పండితుని గూర్చి విచారించువారు, పేరే వ్రాయబడని కలంకారీ పనివారిని గూర్చి కూడ విచారింపవలెను. ఇద్దరిది ఒకే యన్యాయము. ఒకరిది మాత్రమే రెండు శతాబ్దుల పిదప సరిదిద్దబడినది.

ఈ ప్రాంతమువారికి దీనితో పోల్చదగిన ఒక శుభోదాహరణము దగ్గరనే గలదు. బెల్జియమున 1909లో జన్మించిన కామిల్ బుల్కె పాదిరి లూవెన్ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, జెసూట్ అయి, భారతదేశమునకు వచ్చి, గుమ్లాలో గణితము బోధించెను. చదువుకొన్నవారు స్వభాషను విడిచి ఇంగ్లీషు మాటలాడుట గొప్పగా భావించుచుండుట చూచి నొచ్చుకొని హిందీ నేర్చెను. రామకథ పుట్టుకను వికాసమును గూర్చిన తన పరిశోధన గ్రంథమును అలహాబాదు విశ్వవిద్యాలయమునకు హిందీలోనే సమర్పించెను. 1949నుండి రాంచీలోని సెయింట్ జేవియర్ కళాశాలలో హిందీ సంస్కృత శాఖకు అధ్యక్షుడై, భారత పౌరుడై, 1968లో ఇంగ్లీషు హిందీ నిఘంటువును ప్రకటించెను. 1974లో పద్మభూషణ బిరుదు పొందెను. 1982లో ఢిల్లీలో మరణింపగా, 2018లో ఆయన యవశేషములను రాంచీకి తెచ్చి కళాశాల యావరణలో నుంచిరి. కేర్దూయు బుల్కెయు ఒకే సంఘమువారు. ఇరువురును పరభాషను తమ భాషగా చేసికొన్నవారు. ఒకనికి దేశము బిరుదిచ్చి గౌరవించెను. మరియొకనికి గ్రంథముపై పేరును కూడ దక్కనీయలేదు. భేదము పాండిత్యములో లేదు. కాలములోను, వెనుక నిలిచిన సంస్థలోను గలదు.

అందుచేత ఈ జీవితమునుండి గ్రహింపవలసిన విషయములు రెండు. మొదటిది: అధికారము పోయినను, దేశము పోయినను, పని పోదు. కేర్దూ ప్రశ్న ఆయన సంఘము రద్దయిన మూడేండ్లకు వెలువడెను. ఆయన పెద్ద గ్రంథమును పోపు ఆజ్ఞ ఆపలేకపోయెను. రెండవది: పని తనంతట తాను పేరును నిలుపుకొనలేదు. ఎవరో పూనుకొని వ్రాయవలెను. సిల్వియా మ్యూర్ రెండు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి పంక్తి పంక్తి చూడకపోయినచో నేటికిని అట్ట మీది పేరే నిజమని యనుకొనుచుందురు.

తెలుగుదేశమునకు దూరముగా నున్న సాంస్కృతిక సంఘములకు ఇందులో నొక పని గలదు. ఈ నగరమునకు తొలితరమున వచ్చిన తెలుగువారి పేర్లు, వారు వచ్చిన ఊళ్ళు, చేసిన పనులు, ఇంటిలో వాడిన మాటలు, పెద్దల నోట నున్నంతవరకే యుండును. శ్రీకాకుళపు యాసలోని మాటలలో ఇచ్చటి పిల్లలకు తెలియనివి ఏటేట పెరుగుచున్నవి. ఒక నోటుపుస్తకము తీసికొని పెద్దల నడిగి, చెప్పినవారి పేరుతో సహా, తేదీతో సహా వ్రాసిపెట్టుటకు మహాపాండిత్య మక్కరలేదు. నలుబదియేండ్ల వయస్సున పరాయి నేలపై అ, ఆలు దిద్దుకొన్న కేర్దూకు తెలుగు మాటలు ఎట్లు దొరకెనో ఈ మాటలును అట్లే దొరకును: అడిగినవారికి, శ్రద్ధతో విన్నవారికి. ఆయన చేయక విడిచిన పని, అనగా చెప్పినవారి పేరు వ్రాయుట, ఈ పుస్తకమున చేయవచ్చును.